ఔట్‌బోర్డ్ ఇంజిన్‌కి సాలిడ్ మౌంట్లా, రబ్బరువేనా? ఏ బోటుకి ఏది నప్పుతుంది

నాది 19 అడుగుల పాత ఫైబర్ బాస్ బోటు, అంటే బాస్ చేపల వేటకి వాడేది. వెనక 200 హార్స్‌పవర్ టూ-స్ట్రోక్ వీ6 ఔట్‌బోర్డ్. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. గంటకు 60 మైళ్ల దాకా బుద్ధిగా పోయేది. 62 దాటిందంటే చాలు, ఎడమకీ కుడికీ ఒరగడం మొదలుపెట్టేది. మొదటి ఊపు చిన్నది, రెండోది కాస్త పెద్దది, మూడోదానికి పక్కన కూర్చున్న మా బావమరిది సీటు రాడ్ పట్టుకుని "బావా, తగ్గించు" అనేవాడు. డాలస్ దగ్గర ఒక షాపుకి తీసుకెళ్తే, బోటు చూడకుండానే "సాలిడ్ మౌంట్లు వేసేద్దాం, సెట్ అయిపోతుంది" అన్నారు. ఇంజిన్‌ని బోటుకి పట్టి ఉంచే రబ్బరు ముక్కలే మౌంట్లు, రబ్బరు బదులు గట్టి లోహమో, ప్లాస్టికో ఉంటే సాలిడ్. వేయించాను. అసలు జబ్బు మౌంట్లది కాదని ఆ తర్వాత నెలకి తెలిసింది.

అప్పటి నుంచి ఈ ప్రశ్న ఎవరు అడిగినా నేను ముందు ఎదురు ప్రశ్నలే వేస్తాను. మౌంట్లు మార్చడం కొన్ని వందల డాలర్ల పని. షాపులో చేయిస్తే కూలీ దానికి మించి అవుతుంది. ఉన్నవి నాలుగు దారులు: కంపెనీ రబ్బరు మౌంట్లే కొత్తవి వేయడం, గట్టి పాలీయురేథేన్ మౌంట్లు, కింద సాలిడ్ పైన రబ్బరు, నాలుగూ సాలిడ్. నాలుగూ పనిచేసేవే. అయితే ఒకరి బోటుకి సరిపోయింది ఇంకొకరి బోటుని పాడుచేస్తుంది.

మౌంట్లు అసలు ఏం మోస్తాయి

బయటి నుంచి చూస్తే ఔట్‌బోర్డ్ మోటారు ఒకే ముక్కలా కనిపిస్తుంది గానీ, నిజానికి రెండు. బోటు వెనక గోడని ట్రాన్సమ్ అంటారు. దానికి బోల్టులతో బిగిసి ఉండే బ్రాకెట్లు, ఇంజిన్ పక్కలకి తిరగడానికి ఉండే స్వివెల్, స్టీరింగ్ ఆర్మ్ ఒక భాగం. పైన ఇంజిన్, మధ్యలో పొడవాటి డ్రైవ్‌షాఫ్ట్ హౌసింగ్, అడుగున గేర్‌కేస్, ప్రొపెల్లర్ కలిసి రెండో భాగం. ఈ రెండిటినీ కలిపేవే మౌంట్లు. ఎక్కువ మోడళ్లలో పైన రెండు, కింద రెండు ఉంటాయి. మధ్యలో లోహపు గొట్టం, దాని చుట్టూ అతికించిన రబ్బరు, అంతే.

ప్రొపెల్లర్ నీళ్లని వెనక్కి నెడితే గేర్‌కేస్ ముందుకు పోవాలని చూస్తుంది. దాంతో కింది మౌంట్లు ముందుకి నొక్కుకుంటాయి, పై మౌంట్లు వెనక్కి సాగుతాయి. రివర్స్ వేస్తే ఇదంతా తిరగబడుతుంది. అంటే బోటుని తోసే బలం మొత్తం ఈ నాలుగు రబ్బరు ముక్కల గుండానే పోతోందన్నమాట. ఇది కాక ప్రొపెల్లర్ తిరుగుడుకి ఎదురు తిరుగుడు ఒకటి ఉంటుంది. మామూలు ప్రొపెల్లర్ వెనక నుంచి చూస్తే గడియారం ముల్లు దిశలో తిరుగుతుంది కాబట్టి బోటు ఎడమకి ఒరగాలని చూస్తుంది. కుడివైపు కూర్చునే డ్రైవర్ బరువు దాన్ని కొంత సరిచేస్తుంది.

రబ్బరు మెత్తగా ఉన్నప్పుడు, మీరు స్టీరింగ్ కదపకపోయినా గేర్‌కేస్ తనంతట తాను కాస్త పక్కకి జరుగుతుంది. 40 మైళ్ల స్పీడులో దాన్ని ఎవరూ పట్టించుకోరు. 70లో అదే జరుగుడు స్టీరింగ్‌లో లూజుతో సమానం.

ఇక నా బోటు చేసిన ఒరుగుడు పేరు చైన్ వాక్. గొలుసుకీ దీనికీ సంబంధం లేదు. బోటు అడుగుకీ పక్క గోడకీ మధ్య ఉండే అంచుని చైన్ అంటారు. స్పీడు పెరిగేకొద్దీ బోటు నీళ్లలోంచి పైకి లేచి, చివరికి అడుగున ఉన్న సన్నటి ప్యాడ్ మీదే నిలబడుతుంది. పొలం గట్టు మీద సైకిల్ తొక్కినట్టు ఉంటుంది. హ్యాండిల్‌లో వెంట్రుకవాసి లూజు ఉన్నా సైకిల్ వంకర్లు తిరుగుతుంది చూడండి, ఇదీ అంతే.

ముందు ఒక సుద్దముక్క తీసుకోండి

బోటు ట్రైలర్ మీద ఉండగా, ఇంజిన్ ఆపి, కిందికి దించి పెట్టండి. స్వివెల్ బ్రాకెట్ మీదుగా డ్రైవ్‌షాఫ్ట్ హౌసింగ్ మీదికి సుద్దతో ఒకే అడ్డగీత గీయండి. పైన ఒకటి, కింద ఒకటి. ఒకరు స్టీరింగ్‌ని కదలకుండా పట్టుకోవాలి. మీరు వెనక్కి వెళ్లి గేర్‌కేస్ అడుగున రెక్కలా ఉండే స్కెగ్ పట్టుకుని ఎడమకీ కుడికీ గట్టిగా తోయండి.

గీత రెండు ముక్కలై పక్కకి జరుగుతుంటే లూజు మౌంట్లలో ఉంది. గీత చెక్కుచెదరకుండా ఇంజిన్ మొత్తం, స్టీరింగ్ ఆర్మ్‌తో సహా తిరుగుతుంటే లూజు స్టీరింగ్‌లో ఉంది. రెండూ కదలకుండా బ్రాకెట్ల వెనక ట్రాన్సమే వంగుతున్నట్టు కనిపిస్తే ఇక మౌంట్ల గురించి చదవడం ఆపేయండి. పాత బోట్లలో ట్రాన్సమ్ లోపల ప్లైవుడ్ ఉంటుంది. బోల్టు రంధ్రాల నుంచి నీళ్లు దిగితే అది కుళ్లిపోతుంది.

నా విషయంలో జరిగింది రెండోది. హైడ్రాలిక్ స్టీరింగ్ లైనులో గాలి చేరింది. చక్రాన్ని పూర్తిగా ఒక పక్కకి తిప్పి, ఇంకా బలంగా తిప్పితే స్పాంజిలా లొంగేది. అక్కడే అర్థం కావాల్సింది నాకు. గాలి తీయించడానికి అయిన ఖర్చు మౌంట్లకి పోసిన దాంట్లో నాలుగో వంతు కూడా లేదు. అయితే ఒక మాట ఒప్పుకోవాలి. సాలిడ్ వేయడానికి విప్పినప్పుడు కింది ఎడమ మౌంటు బయటికి వస్తే చూశాను. రబ్బరు లోహం నుంచి సగం ఊడిపోయి, నూనె పీల్చుకుని, పాత చింతపండు ముద్దలా ఉంది. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. అంటే మౌంట్లు మార్చాల్సిన అవసరం ఎలాగూ ఉంది. కానీ సాలిడ్ అవసరం లేదు.

కేబుల్ స్టీరింగ్ ఉన్నవాళ్లకి ఇంకో మాట. 150 దాటిన ఇంజిన్‌కి ఒక్క కేబుల్ ఉంచి, మౌంట్లు మాత్రం సాలిడ్ చేయడమంటే, చిల్లు కుండకి వెండి మూత పెట్టడమే. ముందు రెండు కేబుళ్లకో, హైడ్రాలిక్‌కో మారండి.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

మొదటిది స్పీడు. మీ బోటు ఎంత పోగలదు అన్నది కాదు, మీరు ఎంతలో నడుపుతారన్నది. నా లెక్కలో 60 మైళ్ల లోపు తిరిగేవాళ్లకి సాలిడ్ మౌంట్ల వల్ల వచ్చే లాభం దాదాపు ఏమీ లేదు. 60 నుంచి 75 మధ్య ఆలోచించొచ్చు. దాని పైన, అదీ ప్యాడ్ ఉన్న తేలిక హల్ (బోటు ఒళ్లు) అయితే, నిజంగా తేడా తెలుస్తుంది.

రెండోది, చాలామంది మరిచిపోయేది: ఇంజిన్ ఐడిల్‌లో ఎంతసేపు ఉంటుంది? తూర్పు టెక్సస్‌లో లేక్ ఫోర్క్‌కి వెళ్లినవాళ్లకి తెలుసు. నీళ్లలో మునిగిపోయిన చెట్ల మోళ్లు సరస్సు నిండా నిలబడి ఉంటాయి. బోట్ లేన్ దాటితే మెల్లగా పాకాల్సిందే. రోజులో ఐడిల్‌లో రెండు గంటలు, ఫుల్ థ్రాటిల్‌లో పది నిమిషాలు. అలాంటిచోట సాలిడ్ మౌంట్లంటే పది నిమిషాల సుఖం కోసం రెండు గంటలు పళ్లు టకటకలాడించుకోవడం.

మూడోది ఇంజిన్ రకం. టూ-స్ట్రోక్ వీ6 ప్రతి చుట్టుకీ ఆరుసార్లు పేలుతుంది. 700 ఆర్‌పీఎమ్ ఐడిల్‌లో సెకనుకి 70 చిన్న దెబ్బలు. ఫోర్-స్ట్రోక్ నాలుగు సిలిండర్ల ఇంజిన్ చుట్టుకి రెండుసార్లే. అదే 700లో సెకనుకి 23 మాత్రమే, కానీ ఒక్కోటి బరువైన దెబ్బ. సన్నటి జుమ్ముమనే వణుకుని ఒళ్లు భరిస్తుంది, ఇలాంటి దడదడని భరించదు. అందుకే ఫోర్-స్ట్రోక్‌లకి కంపెనీలు మెత్తటి మౌంట్లు పెడతాయి. అలాగని టూ-స్ట్రోక్ ఐడిల్ సాధువేం కాదు. ఒక్కోసారి ఒక్కో సిలిండర్ పేలకుండా వదిలేస్తూ ఉంటుంది. ఆ తడబాటు సాలిడ్ మౌంట్ల మీద నేరుగా మీ కాళ్ల కిందికి వస్తుంది.

నాలుగోది ట్రాన్సమ్, జాక్ ప్లేట్. ట్రాన్సమ్‌కీ ఇంజిన్‌కీ మధ్య బిగించే జాక్ ప్లేట్ ఇంజిన్‌ని 6 నుంచి 12 అంగుళాలు వెనక్కి జరుపుతుంది. దూరం పెరిగితే ట్రాన్సమ్ మీద లాగుడు కూడా అంత పెరుగుతుంది. ఇన్నాళ్లూ రబ్బరు మింగిన దెబ్బలన్నీ రేపటి నుంచి జాక్ ప్లేట్ బోల్టులు, ట్రాన్సమ్ మింగాలి. ఐదోది ఉప్పునీళ్లా, మంచినీళ్లా అన్నది. దాని సంగతి బిగించేచోట చెప్తాను.

కొత్త రబ్బరు మౌంట్లు

ఎక్కువమందికి నేను చెప్పేది ఇదే. విని మొహం చిన్నబుచ్చుకుంటారు, ఎందుకంటే కొత్తగా ఏం చేసినట్టు అనిపించదు. కానీ పాతికేళ్ల నాటి రబ్బరుతో పోలిస్తే కొత్త రబ్బరు చాలా బిగువుగా ఉంటుంది. ఆ ఇంజిన్ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజున ఎలా ఉండేదో మీకు తెలియదు. మీరు పోల్చుకుంటున్నది అరిగిపోయిన రబ్బరునీ సాలిడ్‌నీ. మధ్యలో ఉన్న మెట్టు చూడకుండా రెండు మెట్లు ఎక్కేస్తున్నారు.

ఐడిల్ హాయిగా ఉంటుంది, గేజ్‌లు వణకవు, వారంటీ ఉంటే పోదు. ఇబ్బందల్లా మళ్లీ అరగడం. పెట్రోలు, నూనె కారుతుంటే ఇంకా తొందరగా పోతాయి. ఇక నిజంగా 75 పైన నడిపేవాళ్లకి కొత్త రబ్బరు కూడా మెత్తగానే అనిపిస్తుంది.

పాలీయురేథేన్

కార్ల సస్పెన్షన్ బుష్‌ల గురించి తెలిసినవాళ్లకి ఇది కొత్త కాదు. రబ్బరు కంటే గట్టిది, లోహం కంటే మెత్తనిది. గట్టిదనాన్ని షోర్ ఎ అనే కొలతలో చెప్తారు. బుష్‌ల కోసం వాడేవి ఎక్కువగా 70 నుంచి 95 మధ్య ఉంటాయి. 95 అంటే గోరు దిగదు. నూనెకి, పెట్రోలుకి రబ్బరు కంటే బాగా తట్టుకుంటుంది.

చిక్కేమిటంటే ప్రతి ఇంజిన్ మోడల్‌కీ దొరకవు. మీ మోడల్‌కి ఉంటే, 60-75 మధ్య నడిపేవాళ్లకి ఇది మంచి బేరం. ఇంజిన్ తయారీదారులు కూడా ఇదే దారిలో ఆలోచించారు. మెర్క్యురీ రేసింగ్ వాళ్ల 400ఆర్ ఇంజిన్‌కి అదే కంపెనీ మామూలు వెరాడో ఇంజిన్ కంటే గట్టి మౌంట్లే పెట్టారు గానీ, పూర్తిగా లోహం చేయలేదు.

కింద సాలిడ్, పైన రబ్బరు

ఇప్పుడు నా బోటులో ఉన్నది ఇదే. నాలుగూ సాలిడ్ వేయించి, రెండు సీజన్లు తిప్పాక, పైవి రెండూ తీసేసి కొత్త రబ్బరు పెట్టుకున్నాను.

దీని వెనక లెక్క ఇదీ. ప్రొపెల్లర్ బలం, పక్కకి తోసే బలం పుట్టేది కింద. గేర్‌కేస్ ఆడకుండా పట్టాల్సింది కూడా కిందే. పిస్టన్ల వణుకు పుట్టేది పైన, ఇంజిన్ తలలో. కింద బిగించేస్తే గేర్‌కేస్ స్టీరింగ్ మాట వింటుంది. పైన రబ్బరు ఉంటే వణుకు కొంత అక్కడే ఆగుతుంది. పూర్తిగా ఆగదు. రబ్బరు రోజుల్లో డాష్‌బోర్డు మీద పెట్టిన కాఫీ కప్పు ఐడిల్‌లో కదిలేది కాదు. నాలుగూ సాలిడ్ చేశాక కప్పు తనే నడుచుకుంటూ అంచుదాకా వచ్చేది. ఇప్పుడు కప్పు చోటు మారదు గానీ కాఫీ మీద గుండ్రటి అలలు కనిపిస్తాయి. నేను దీంతో బతికేయగలను.

నష్టం కూడా ఉంది. ఇంతకుముందు నలుగురు పంచుకున్న పనిని ఇప్పుడు పైవాళ్లిద్దరే చేస్తున్నారు. ఇంజిన్ కింద కదలలేదు కాబట్టి ఊగేదంతా పైనే ఊగుతుంది. పై మౌంట్లు తొందరగా అలిసిపోతాయి. సీజన్‌లో రెండుసార్లు సుద్ద పరీక్ష చేస్తాను.

నాలుగూ సాలిడ్

అల్యూమినియంతోనో, డెల్రిన్ లాంటి గట్టి ప్లాస్టిక్‌తోనో చేసి అమ్ముతారు. డెల్రిన్ వణుకుని రవ్వంత తగ్గిస్తుంది, తుప్పు బాధ ఉండదు. అల్యూమినియం అసలు ఏమీ తగ్గించదు.

బాగున్నది బాగుందనే చెప్పాలి. స్టీరింగ్‌లో గాలి తీయించాక ఒక పొద్దున, నీళ్లు అద్దంలా ఉన్నప్పుడు, లేక్ టెక్సోమాలో 70 దాటించాను. స్టీరింగ్‌ని వేలి మందం కదిపితే బోటు వేలి మందమే కదిలింది. చైన్ వాక్ మొదలవబోతుంటే చేతిలో ముందే తెలిసిపోయింది, సరిచేసుకోగలిగాను. ఇంజిన్ వాలుని మార్చే ట్రిమ్ బటన్ ఒక్క తాకుడుకి కూడా బోటు పలికింది. పోటీల కోసం నడిపేవాళ్లు దీన్ని ఎందుకు వదలరో ఆ రోజు అర్థమైంది.

మిగతా రోజులు అలా ఉండవు. టెక్సోమా ఓక్లహోమా సరిహద్దులో ఉన్న పెద్ద సరస్సు. మధ్యాహ్నం గాలి లేస్తే అలలు బోటుని ఎత్తి కుదేస్తాయి. రబ్బరు ఉన్నప్పుడు ఆ దెబ్బలో కొంత భాగం ఇంజిన్ దాకా రాదు. సాలిడ్‌లో 200 కిలోల పైచిలుకు బరువు ఒక్కసారిగా ట్రాన్సమ్‌ని కుమ్ముతుంది. రెండు సీజన్లలో నాకు ఊడినవి: లైవ్‌వెల్ (పట్టిన చేపల్ని బతికించి ఉంచే తొట్టి) పంపు స్క్రూలు రెండుసార్లు, ఒక గేజ్ వెనక వైరు, వెనక లైటు. విరిగినది: బ్యాటరీ ట్రే మూల. జాక్ ప్లేట్ బోల్టులు మూడుసార్లు మళ్లీ బిగించాల్సి వచ్చింది. పగుళ్లు ఏం రాలేదు, ఆ మటుకు అదృష్టవంతుణ్ణి. బ్రాకెట్లలో, ట్రాన్సమ్ మూలల్లో జెల్‌కోట్ (ఫైబర్ మీది పై పూత) మీద వెంట్రుక పగుళ్లు కనిపిస్తే అది హెచ్చరికే.

| చూడాల్సింది | కొత్త రబ్బరు | పాలీయురేథేన్ | కింద సాలిడ్ + పైన రబ్బరు | నాలుగూ సాలిడ్ |
|---|---|---|---|---|
| ఐడిల్‌లో వణుకు | తక్కువ | కాస్త తెలుస్తుంది | బాగానే తెలుస్తుంది | చిరాకు పెట్టేంత |
| 70 పైన స్టీరింగ్ పట్టు | ఫర్వాలేదు | బాగుంటుంది | చాలా బాగుంటుంది | అన్నిటికంటే మేలు |
| ట్రాన్సమ్ మీద భారం | తక్కువ | మధ్యస్థం | ఎక్కువ | చాలా ఎక్కువ |
| పాత ఫైబర్ బోటుకి | నిశ్చింతగా | ట్రాన్సమ్ చూసి | ట్రాన్సమ్ గట్టిదైతేనే | వద్దు |
| ఫోర్-స్ట్రోక్‌కి | ఇదే | దొరికితే | నేనైతే వేయను | వద్దు |
| ఎన్నాళ్లకోసారి తనిఖీ | సీజన్‌కోసారి | సీజన్‌కోసారి | సీజన్‌లో రెండుసార్లు | ప్రతి కొన్ని ట్రిప్పులకి |

మీరెవరో చెప్పండి, మీకేదో చెప్తాను

వీకెండ్‌లో పిల్లల్ని ట్యూబ్ మీద లాగి, సాయంత్రానికి ఇంటికొచ్చేవాళ్లు: కొత్త రబ్బరు. మిగతా మూడిటి గురించి చదవడం కూడా అనవసరం.

బాస్ చేపల కోసం తెల్లవారకముందే లేచి, మొదటి స్పాట్‌కి అందరికంటే ముందు చేరాలని 65లో పరుగెత్తి, మిగతా రోజంతా ట్రోలింగ్ మోటారు (బోటుని మెల్లగా కదిపే చిన్న కరెంటు మోటారు) మీద గడిపేవాళ్లు: పాలీయురేథేన్ దొరికితే అది. దొరక్కపోతే కొత్త రబ్బరు, లూజు లేని స్టీరింగ్. ఆ రెండూ కలిస్తే చాలా బోట్లు బుద్ధిగా ఉంటాయి. అప్పటికీ తృప్తి లేకపోతేనే కింద సాలిడ్.

తేలికపాటి ప్యాడ్ హల్, పెద్ద టూ-స్ట్రోక్, చేతిలో జీపీఎస్, నోట్లో నంబర్లు తప్ప ఇంకేం ఉండనివాళ్లు: నాలుగూ సాలిడ్. మీకు నా సలహా ఎలాగూ అక్కర్లేదు. మీరు పడిపోతే ఇంజిన్‌ని ఆపే కిల్ స్విచ్ తాడు మాత్రం తగిలించుకోండి. అమెరికాలో 26 అడుగుల లోపు బోట్లకి 2021 ఏప్రిల్ 1 నుంచి అది చట్టం కూడా.

కొత్త ఫోర్-స్ట్రోక్ కొని వారంటీలో ఉన్నవాళ్లు: దాని జోలికి వెళ్లొద్దు. 250 హార్స్‌పవర్ వీ8 ఒకటి 500 పౌండ్లకి పైగా బరువుంటుంది, దాని మౌంట్లని ఆ బరువుకి, ఆ దడకి లెక్కగట్టే పెట్టారు. ఇంకా పెద్ద ఇంజిన్లలో ఈ ప్రశ్న రూపమే మారిపోతోంది. 2021లో మెర్క్యురీ తెచ్చిన 600 హార్స్‌పవర్ వీ12 వెరాడోలో ఇంజిన్ తల అసలు తిరగదు, కింద గేర్‌కేస్ ఒక్కటే తిరుగుతుంది.

ఊళ్లో అన్నయ్యో, బాబాయో ఫైబర్ తెప్ప మీద చిన్న ఔట్‌బోర్డ్ నడుపుతుంటారు, వాళ్లకి సాలిడ్ మౌంట్లు పంపనా అని ఒకరు అడిగారు. వద్దండీ. కాకినాడ వైపో, భీమిలి వైపో 9.9 హార్స్‌పవర్ మోటారు నడిపేవాళ్లు గంటల తరబడి దాని చేతికర్రే పట్టుకుని కూర్చుంటారు. ఆ మోటారులో రబ్బరు ఉన్నది వాళ్ల చేతుల కోసమే. అది తీసేస్తే ఒడ్డుకొచ్చేసరికి వేళ్లు తిమ్మిరెక్కి వల ముడి విప్పడం కూడా కష్టమవుతుంది. వాళ్లకి పంపాలనుకుంటే కంపెనీ రబ్బరు మౌంట్ల సెట్ పంపండి, నీళ్ల పంపు ఇంపెల్లర్ ఒకటి జతచేసి.

బిగించేటప్పుడు

కొన్ని మోడళ్లలో పవర్‌హెడ్ (పైనున్న ఇంజిన్) దించకుండానే పై మౌంట్లు మార్చొచ్చు, కొన్నిటిలో దించాల్సిందే. మీ మోడల్ సర్వీస్ మాన్యువల్ చూడకుండా స్పానర్ పట్టుకోవద్దు. ఎలాగైనా సరే, ఇంజిన్ బరువుని హాయిస్ట్‌తో పైన ఉన్న లిఫ్టింగ్ హుక్‌కి తగిలించి మోయించాలి. జాకీ మీద స్కెగ్ ఆనించి పని కానిచ్చేద్దామనుకోవద్దు. స్కెగ్ విరిగితే గేర్‌కేస్ ఖర్చు వేరే.

బ్యాటరీ వైరు తీసేయండి. నాలుగూ ఒకేసారి విప్పొద్దు. ఒక్కోటి విప్పి, ఒక్కోటి పెట్టుకుంటూ రండి, లేకపోతే రంధ్రాలు ఎదురెదురుగా రావు. కింది బోల్టులు మొండికేస్తాయి. నాకు ఒక బోల్టు దగ్గరే పూట గడిచిపోయింది. తుప్పు వదిలించే నూనె రాత్రంతా నానబెట్టి, మర్నాడు చిన్నగా వేడి చేసి, కొట్టి, మళ్లీ వేడి చేస్తే "టక్" మని వదిలింది. బలంగా లాగితే బోల్టు తల తెగుతుంది, అప్పుడు డ్రిల్ పట్టుకోవాల్సొస్తుంది. దగ్గర్లో పెట్రోలు లైను ఉంటుందని గుర్తుపెట్టుకుని మరీ వేడి చేయండి.

ఉప్పునీళ్లలో తిరిగే బోటైతే ఇక్కడ జాగ్రత్త పడాలి. స్టీలు బోల్టు, అల్యూమినియం మౌంటు, ఉప్పునీళ్లు మూడూ కలిస్తే అల్యూమినియం తెల్లటి పొడిగా రాలిపోతుంది. మెరైన్ గ్రీజు బోల్టు ఒంటికంతా పట్టించండి. రబ్బరు కరెంటుని అడ్డుకుంటుంది కాబట్టి రెండు భాగాల మధ్య ఎర్తింగ్ వైర్లు ఉంటాయి. సాలిడ్ వేశాం కదా లోహానికి లోహం తగులుతోంది, ఇంకెందుకని వాటిని తీసి పడేస్తుంటారు కొందరు. తీయొద్దు. గ్రీజు, పెయింటు, డెల్రిన్ ఏది అడ్డమొచ్చినా జింక్ ఆనోడ్ (తను తుప్పు పట్టి మిగతా లోహాన్ని కాపాడే ముక్క) కాపాడాల్సిన భాగాలు ఒంటరివైపోతాయి.

నైలాన్ లాక్ నట్లు పాతవి మళ్లీ వాడొద్దు, కొత్తవి పెట్టండి. టార్క్ రెంచ్‌తో మాన్యువల్‌లో ఉన్న అంకెకే బిగించండి. బిగించాక ఇంజిన్‌ని పూర్తిగా పైకీ కిందికీ, కుడికీ ఎడమకీ తిప్పి చూసుకోండి. ఇంజిన్‌కీ బ్రాకెట్‌కీ మధ్య ఇదివరకు రబ్బరు పుణ్యాన ఉన్న సందు ఇప్పుడు ఎంతుందో, గొట్టాలు, షిఫ్ట్ కేబుల్ ఎక్కడైనా ఒరుసుకుంటున్నాయో కళ్లతో చూడాలి. మొదటి ట్రిప్పులో సగం స్పీడు దాటొద్దు. ఒడ్డుకొచ్చాక మౌంట్ నట్లు, జాక్ ప్లేట్ బోల్టులు, ట్రాన్సమ్ బోల్టులు మళ్లీ ఒకసారి టార్క్ చూసుకోండి. నాకు మొదటి ట్రిప్పు తర్వాత ట్రాన్సమ్ బోల్టు ఒకటి పావు చుట్టు తిరిగింది.

ఇప్పటికే సాలిడ్ ఉన్న బోటు కొంటుంటే

అమ్మేవాళ్లు చెప్పరు, ఒక్కోసారి వాళ్లకే తెలియదు. ఇంజిన్ స్టార్ట్ చేయించి ఐడిల్‌లో ఉంచి, చేతిని ముందు డెక్ మీద, బోటు ముక్కు దగ్గర ఆనించండి. అక్కడ దాకా వణుకు వస్తోందంటే సాలిడ్ అయ్యుండే అవకాశం ఎక్కువ. తర్వాత ఇంజిన్ ఆపి, పైకి లేపి, కింది మౌంటు కవర్ల దగ్గర టార్చి వేసి చూడండి. రబ్బరు ఉంటే నల్లటి అంచు కనిపిస్తుంది, లేకపోతే మెషీన్ చేసిన లోహం మెరుస్తుంది.

సాలిడ్ ఉంటే మౌంట్ల గురించి అడగడం మానేసి, మిగతావన్నీ చూడండి. ట్రాన్సమ్ మీద బోల్టుల చుట్టూ నక్షత్రాల్లా పగుళ్లు, జాక్ ప్లేట్ వెల్డింగులు, బ్రాకెట్ల మూలల్లో కొత్తగా కొట్టిన పెయింటు. ట్రిమ్‌తో ఇంజిన్‌ని సగం పైకి లేపి, స్కెగ్ పట్టుకుని కిందికీ పైకీ ఊపండి, ఒకరిని ట్రాన్సమ్ పై అంచునే చూస్తూ ఉండమనండి. అంచు కదిలితే ధర ఎంత తగ్గించినా తీసుకోవద్దు. కదలకపోతే, బోటు నచ్చితే, కొత్త రబ్బరు సెట్ ఖర్చు బేరంలో తగ్గించమని అడగండి. నేనైతే ఆ డబ్బుతో ముందు స్టీరింగ్‌లో గాలి తీయించి, ఒక పొద్దున నడిపి చూశాకే మౌంట్ల సంగతి తేల్చుకుంటాను.